బాడీ షాపు పని బాగోలేదా? గేటు దాటకముందు ఏం చూడాలి, దాటాక ఏం చేయాలి

యాక్సిడెంట్ అయిన కారును బాడీ షాపుల వాళ్లు చాలాసార్లు సాయంత్రం ఆరు దాటాకే చేతికిస్తారు. అప్పుడే కడిగిన బండి, పైన ఇంకా నీటి బొట్లు, పక్కన ట్యూబ్‌లైటు. తడి మీద ఎమరీ గీతలు కనబడవు. ట్యూబ్‌లైటు వెలుగులో సిల్వర్ రంగు రెండు షేడ్లలో ఉన్నా ఒకటిగానే అనిపిస్తుంది. వాళ్లు కావాలనే అలా చేస్తారని కాదు, పని తెమిలేసరికి పొద్దుగూకుతుందంతే. నష్టం మాత్రం మనకే. "సాయంత్రం వచ్చి తీసుకెళ్లండి సార్" అంటే "రేపు పొద్దున తొమ్మిదింటికి వస్తాను, బండి ఆరబెట్టి బయట పెట్టించండి" అని చెప్పండి. బిల్లు కట్టకముందు, ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందు, అరగంట తీరిగ్గా చూసుకోవాలి. బండి గేటు దాటాక ఏ లోపం చూపించినా "ఇది తర్వాత ఎక్కడో తగిలింది సార్" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.

అరగంటలో ఏం చూడాలి

ముందు పది అడుగుల దూరం నుంచి రంగు చూడండి. ఎదురుగా ఒకసారి, పక్కకు జరిగి ఏటవాలుగా ఒకసారి, కొంచెం వంగి ఒకసారి. మెటాలిక్ రంగుల్లో అల్యూమినియం రేణువులు ఉంటాయి. స్ప్రే గన్ను దూరం, గాలి ఒత్తిడి మారితే ఆ రేణువులు పరుచుకునే తీరు మారుతుంది. అందుకే ఎదురుగా సరిపోయిన రంగు పక్క నుంచి నల్లబడినట్టు కనిపిస్తుంది. సిల్వర్, లేత గ్రే రంగులతో ఈ తలనొప్పి ఎక్కువ. ఒక్క మాట: బంపర్ ప్లాస్టిక్, దాని పక్క ఫెండర్ ఇనుము. ఆ రెంటి మధ్య కొత్త కారులోనే కాస్త తేడా ఉండొచ్చు. దాని మీద గొడవ పెట్టుకుంటే అసలు గొడవకు బలం పోతుంది. డోరుకీ ఫెండర్‌కీ తేడా ఉంటే మాత్రం వదలొద్దు.

తర్వాత దగ్గరికి వచ్చి ప్యానెల్లో ప్రతిబింబం చూడండి. షెడ్డు అంచో, కరెంటు తీగో, ఏదైనా తిన్నని గీత అందులో పడాలి. ఆ గీత పాములా వంకర్లు తిరిగితే లప్పం (సొట్ట పూడ్చడానికి పెయింటు కింద పెట్టే పుట్టీ) సరిగ్గా చదును చేయలేదన్నమాట. చేతికి పల్చటి గుడ్డ చుట్టి అరచేయి పెట్టి నిమిరితే, కంటికి దొరకని ఎత్తుపల్లాలు కూడా తెలుస్తాయి.

లప్పం ఎంత పెట్టారో తెలుసుకోవడానికి పెయింట్ మందం కొలిచే గేజ్ ఉంటే మేలు. రెండు మూడు వేలల్లో దొరుకుతుంది. ఇనుప ప్యానెల్ మీద ఫ్యాక్టరీ పెయింటు సుమారు 90 నుంచి 150 మైక్రాన్లు (వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు) ఉంటుంది. మంచి రీపెయింటు 200 నుంచి 300 మధ్య ఉండొచ్చు. 500 దాటితే కింద లప్పం ఉన్నట్టు. వెయ్యి దాటితే సొట్టను బయటికి లాగకుండా పూడ్చేశారని అనుమానించాల్సిందే. పాలిస్టర్ లప్పం రెండు మూడు మిల్లీమీటర్లకు మించితే రోడ్డు కుదుపులకు, ఎండకు పగుళ్లిస్తుంది. గేజ్ లేకపోతే ఫ్రిజ్ అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి, మంచి డోరు మీద ఒకసారి, రిపేరు చేసిన డోరు మీద ఒకసారి పెట్టి చూడండి. లప్పం మందంగా ఉన్న చోట అది జారిపోతుంది. ప్లాస్టిక్ బంపర్ మీద ఈ పరీక్ష పనికిరాదు.

ఆ తర్వాత సందులు. బానెట్‌కీ ఫెండర్‌కీ మధ్య, డోరుకీ పిల్లర్‌కీ మధ్య ఖాళీ పైనుంచి కింద దాకా ఒకేలా ఉండాలి. ఎంత ఉండాలో కంపెనీ పుస్తకం వెతకనక్కర్లేదు, అదే కారు రెండో వైపు చూడండి. అటు నాలుగు మిల్లీమీటర్లుండి ఇటు పైన మూడు, కింద ఏడు ఉంటే హింజ్ సర్దలేదు, లేదా లోపలి పిల్లరే కదిలింది. మొదటిది పావుగంట పని, రెండోది పెద్ద పని. డోరును మెల్లగా తోసి చూడండి. రెండో వైపు డోరు పడే చప్పుడుకీ దీనికీ తేడా ఉంటే అడగండి.

బీడింగులు, అద్దం అంచులు, చక్రం పైన ఉండే నల్ల ప్లాస్టిక్, సైలెన్సర్ మీద కారు రంగు తుంపర ఉందేమో చూడండి. ఉంటే మాస్కింగ్ సరిగ్గా వేయలేదు. బీడింగ్ తీయకుండానే దాని పక్కన పెయింటు కొట్టారేమో కూడా చూడాలి. బీడింగ్ అంచును గోరుతో కొంచెం ఎత్తితే పాత రంగు, కొత్త రంగు కలిసే గీత అక్కడ తెలుస్తుంది. ఆరు నెలలకు క్లియర్ కోటు (రంగు మీద కొట్టే పారదర్శకమైన పై పొర) లేవడం అక్కడే మొదలవుతుంది.

డోరు, డిక్కీ, టెయిల్ ల్యాంప్, ముందు అద్దం, వీటిలో ఏది విప్పి బిగించినా నీళ్ల పరీక్ష చేయించండి. పైపుతో సన్న ధార, కింద నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి, పది నిమిషాలు. మొదటే పైన పోస్తే నీరు ఎక్కడ దూరుతోందో తెలియదు. ఆ తర్వాత కాళ్ల దగ్గర మ్యాట్ కింద, డిక్కీలో స్టెప్నీ గుంటలో చెయ్యి పెట్టి చూడండి.

ఇక ప్రాణానికి సంబంధించినవి. ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. ఆరకపోతే లోపం. అసలు వెలగకపోతే ఇంకా ప్రమాదం. పేలిన ఎయిర్‌బ్యాగ్ మార్చకుండా లైటు కనెక్షన్ తీసేసి ఉండొచ్చు. ముందు భాగం గట్టిగా తగిలిన కారుకు వీల్ అలైన్‌మెంట్ రిపోర్టు ప్రింటు అడగండి, నోటి మాట సరిపోదు. ఒక చక్రం క్యాంబర్ (నిలువు నుంచి చక్రం వాలే కోణం) ఎంత సర్దినా పరిధిలోకి రాలేదంటే సస్పెన్షనో, అది బిగించే చోటో వంగి ఉంది. దాన్ని వదిలేస్తే కొన్ని వేల కిలోమీటర్లకే టైరు ఒక పక్క అరిగిపోతుంది. ముందు రాడార్, కెమెరా ఉన్న కార్లయితే వాటిని మళ్లీ సరిగ్గా గురిపెట్టి సర్దారని చూపే కాలిబ్రేషన్ రిపోర్టు కూడా తీసుకోండి. రాడార్ ఎదురుగా ఉండే బంపర్ భాగం మీద లప్పం, మందపాటి పెయింటు ఉంటే దాని చూపు దెబ్బతింటుంది.

"ఎండకు సెట్ అయిపోద్ది సార్"

లోపం చూపించగానే వచ్చే మొదటి మాట ఇదే. రెండోది "పాలిష్ కొడితే పోతుంది". రెండూ కొన్నిసార్లు నిజం, చాలాసార్లు కాదు. ఏది పాలిష్‌తో పోతుందో, ఏది మళ్లీ పెయింటు కొడితేనే పోతుందో మీకు తెలిసి ఉంటే మాట నిలబడుతుంది.

పాలిష్‌తో పోయేవి: దుమ్ము రేణువులు పడి ఏర్పడిన చిన్న బొడిపెలు, నారింజ తొక్కలా ఉండే తేలికపాటి గరుకు, క్లియర్ కోటులో చిన్న కారుడు, పాలిష్ మిషన్ వదిలిన గుండ్రటి మరకలు. 2000 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్ది, 3000 కొట్టి, కాంపౌండ్ వేస్తే ఇవి సర్దుకుంటాయి. అయితే క్లియర్ కోటు మొత్తమే 40 నుంచి 60 మైక్రాన్లు. రెండోసారి, మూడోసారి అదే చోట రుద్దితే అది పల్చబడి, రెండు వేసవులకు తెల్లగా పొరలు లేస్తుంది. కాబట్టి ఒక్కసారి పాలిష్‌కు ఒప్పుకోండి, మళ్లీ మళ్లీ వద్దు.

పాలిష్‌తో పోనివి ఇవి.

చేపకళ్లు: పెయింటులో గుండ్రటి చిన్న గుంతలు. ప్యానెల్ మీద సిలికాన్, నూనె, డ్యాష్‌బోర్డు పాలిష్ వంటిది మిగిలిపోతే పెయింటు అక్కడి నుంచి తప్పుకుంటుంది. గీకి, డీగ్రీజర్‌తో తుడిచి, మళ్లీ కొట్టాలి.

బుడగలు: నెలో రెండు నెలలో పోయాక బయటపడతాయి. లప్పం నీటిని పీలుస్తుంది. తడి ఎమరీ కొట్టి, సరిగ్గా ఆరకముందే ప్రైమర్ వేస్తే ఆ నీరు లోపలే ఉండిపోయి ఎండకు పైకి తోస్తుంది. కంప్రెసర్ ట్యాంకులో నీరు వదలకపోయినా ఇదే. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం గాలిలో తేమకు, జులై నుంచి అక్టోబరు దాకా వానలకు ఈ తప్పు ఇంకా తేలిగ్గా జరుగుతుంది. తొందర లేకపోతే ఆ నెలల్లో పెయింటు పని పెట్టుకోకపోవడమే నయం. పెట్టుకుంటే పెయింటు బూత్ (నాలుగు వైపులా మూసిన పెయింటు గది) ఉన్న చోటే చేయించండి. బుడగ వచ్చిందంటే ఆ భాగం ఇనుము దాకా గీకాల్సిందే. పైన చుక్క పెయింటు అద్దితే మళ్లీ లేస్తుంది.

లప్పం అంచు గీత: డెలివరీ రోజున కనబడదు, వారాలు గడిచాక మ్యాపులో సరిహద్దులా తేలుతుంది. లప్పం, ప్రైమర్ పూర్తిగా గట్టిపడకముందే పై కోటు కొట్టారు, అది ఆ తర్వాత కుంగింది. పాలిష్‌తో కొన్నాళ్లు మాయమై మళ్లీ వస్తుంది.

రంగు తేడా: ఎండ దీన్ని ఏమీ చేయదు. దీనికి మందు ఒకటే: బేస్ కోటును, అంటే క్లియర్ కింద ఉండే రంగు పొరను, పక్క ప్యానెల్లోకి పల్చగా పాకించి, రెండింటి మీదా పూర్తిగా క్లియర్ కొట్టడం. షాపులో దీన్ని బ్లెండింగ్ అంటారు. పక్క ప్యానెల్ కూడా పట్టుకోవాలి కాబట్టి దీనికి వెనకాడతారు. "కలర్ కోడ్ ప్రకారమే కొట్టాం" అంటారు. అదే కోడ్‌లో ఒకటికి మించి వేరియంట్లుంటాయి, పైగా అయిదేళ్లు ఎండలో ఉన్న కారు తన కోడ్‌కు తానే సరిపోదు. కార్డు మీద స్ప్రే చేసి కారు పక్కన పెట్టి చూశారా అని అడగండి. చూడలేదంటే తప్పు ఎక్కడో తేలిపోయినట్టే.

ఇంకొకటి, మామూలు షెడ్లలో. 2కే పెయింటు (హార్డెనర్ కలిపి గట్టిపడేది) అని డబ్బు తీసుకుని చవక ఎన్‌సీ పెయింటు (నైట్రోసెల్యులోజ్, థిన్నర్ ఆరిపోయి గట్టిపడేది) కొట్టారని అనుమానమొస్తే, కనబడని చోట, డోరు లోపలి అంచున, తెల్ల గుడ్డకు కాస్త థిన్నర్ అద్ది రుద్దండి. రంగు గుడ్డకు దిగితే అది ఎన్‌సీ. హార్డెనర్ కలిపి కొట్టి, ఆరిన 2కే అలా దిగదు.

మార్చామని బిల్లు, కొట్టి సరిచేసిన ప్యానెల్

పెయింటు లోపం కంటికి కనిపిస్తుంది, ఈ మోసం కనిపించదు. కొత్త ఫెండర్ లోపలి వైపు నున్నగా ఉండాలి. సుత్తి దెబ్బలు, వెల్డింగ్ మరకలు, పాత రంగు మీద బురద ఉంటే అది పాతదే. కొత్త డోరులో హింజ్ బోల్టుల మీద పెయింటు చిట్లి ఉంటుంది, ఎందుకంటే విప్పారు. బోల్టు తలల మీద ఫ్యాక్టరీ పెయింటు చెక్కుచెదరకపోతే ఆ డోరు కదల్లేదు. హెడ్‌ల్యాంప్ వెనక స్టిక్కరు మీద తయారీ తేదీ ఉంటే, అది మీ కారు తయారైన నెలకు దగ్గరగా ఉందేమో చూడండి, ఉంటే ల్యాంపు పాతదే. అతికించిన పాత బంపరైతే దాని వెనక ప్లాస్టిక్ వెల్డింగ్ గీతలుంటాయి. సొంత డబ్బుతో చేయించుకుంటే మార్చిన పాత భాగాలన్నీ డిక్కీలో పెట్టమని ముందే చెప్పండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ అయితే అవి సాల్వేజ్ (తుక్కు) కింద పోతాయి కాబట్టి ఫొటోలైనా తీసుకోవాలి.

బిల్లులో భాగాలు, లేబర్ వేర్వేరుగా ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతమే. ఇంకా పాత 28 శాతం వేసి ఉంటే దిద్దించండి.

డబ్బు కట్టాలా, ఆపాలా

పని బాగోలేదని మొత్తం బిల్లు ఆపేసి బండి తీసుకుపోతానంటే కుదరకపోవచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, అప్పగించిన పని చేసినవాడికి తన కూలి అందేదాకా ఆ వస్తువును దగ్గర పెట్టుకునే హక్కుంది. పని సరిగ్గా చేయలేదు కాబట్టి ఆ హక్కు లేదని మీరు వాదించొచ్చు, కానీ వాదన తేలేలోగా బండి వాళ్ల షెడ్డులో ఎండకు ఎండుతుంది, మీరు ఆటోలకు డబ్బు పోస్తారు. ముందు ఆ రోజే సరిచేయించుకోవడానికి చూడండి. కుదరకపోతే కట్టి, జాబ్ కార్డు (చేయాల్సిన పని రాసుకునే షాపు కాగితం) మీద, బిల్లు రెండు కాపీల మీద చేత్తో రాయండి:

"ఎడమ వెనక డోరు: హ్యాండిల్ కింద రంగు తేడా, దిగువ అంచున చేపకళ్లు. ముందు బంపర్ కుడి మూల సందు 7 మి.మీ. అభ్యంతరం తెలుపుతూ డబ్బు చెల్లిస్తున్నాను. సరిచేయించుకునే హక్కు వదులుకోవడం లేదు." కింద తేదీ, సమయం, కిలోమీటర్ల రీడింగ్.

సర్వీస్ అడ్వైజర్ సంతకం పెట్టనంటే గొడవ వద్దు. ఆ కాగితం ఫొటో తీసి అక్కడి నుంచే షాపు అధికారిక మెయిల్‌కూ, వాట్సాప్‌కూ పంపండి. ఆ సమయమే సాక్ష్యం.

క్యాష్‌లెస్ క్లెయిమ్‌లో ఇంకో కాగితం వస్తుంది, శాటిస్‌ఫాక్షన్ వోచర్. "ఫార్మాలిటీ సార్" అంటూ పెన్ను అందిస్తారు. పని తృప్తిగా ఉందని మీరు రాసిచ్చే కాగితం అది, రేపు మీ మీదే ప్రయోగిస్తారు. పైన చెప్పిన లోపాలు దాని మీద కూడా రాసి సంతకం పెట్టండి, లేదా పని సరయ్యేదాకా పెట్టకండి.

ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రీ దగ్గర, బిల్లు లేకుండా నోటి మాట మీద చేయిస్తే పద్ధతి వేరు. అక్కడ నోటీసుల కంటే చేతిలో ఉంచుకున్న డబ్బే పనిచేస్తుంది. పని మొదలుపెట్టేటప్పుడే "నాలుగో వంతు పదిహేను రోజుల తర్వాత ఇస్తాను మేస్త్రీ" అని ఒప్పించుకోండి. చాలామంది ఒప్పుకుంటారు. తక్కినది యూపీఐలో కట్టి, నోట్‌లో "ఎడమ డోరు డెంటింగ్, పెయింటింగ్" అని రాయండి. బిల్లు లేని చోట ఆ రెండు మాటలే మీకు బిల్లు.

ఫిర్యాదు ఎలా నడపాలి

"పని బాగా చేయలేదు, దారుణం" అనే మెయిల్‌కు "అసౌకర్యానికి చింతిస్తున్నాం" అనే జవాబు వస్తుంది, అంతటితో సరి. ఏ ప్యానెల్, ఏ చోట, ఏ లోపం, దానికి మీరడిగే పని ఏంటి, ఏ తేదీలోగా అని వరసగా రాయండి. ఉదాహరణకు "ఎడమ వెనక డోరు మళ్లీ పెయింటు చేయాలి, ముందు డోరులోకి బ్లెండ్ చేయాలి, లేబర్, మెటీరియల్ ఖర్చు మీదే, 15 రోజుల్లోగా." ముందు వర్క్స్ మేనేజర్‌కు, వారంలో కదలిక లేకపోతే డీలర్‌షిప్ జనరల్ మేనేజర్‌కు, అదే మెయిల్ దారంలో కార్ల కంపెనీ కస్టమర్ కేర్‌కు. ఫోన్లో మాట్లాడినదంతా "ఇప్పుడు ఫోన్లో మీరు చెప్పినట్టు..." అంటూ ఒక మెసేజ్‌గా మళ్లీ పంపండి.

ఈ దశలో చాలామంది చేసే తప్పు, విసిగిపోయి ఇంకో షాపులో సరిచేయించేసుకోవడం. అలా చేస్తే లోపం ఎలా ఉండేదో చూపించే సాక్ష్యం పోతుంది, "మాకు అవకాశమే ఇవ్వలేదు" అనే మాట వాళ్లకు దొరుకుతుంది. ముందు రాతపూర్వకంగా ఒక అవకాశం ఇవ్వండి. వాళ్లు రాకపోతే, రెండోసారీ పాడుచేస్తే, అప్పుడు లైసెన్సున్న మోటార్ సర్వేయర్ చేతో, ఇంకో బాడీ షాపు లెటర్‌హెడ్ మీదో, మందం రీడింగులతో సహా లోపాలు, సరిచేసే ఖర్చు రాయించుకోండి. పగటి వెలుగులో, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి. వాట్సాప్‌లో పంపిన కాపీలు కాదు, ఫోన్లోని అసలు ఫైళ్లు దాచండి. ఇవన్నీ అయ్యాకే బండి మరో చోట పెట్టండి.

ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన నెట్‌వర్క్ గ్యారేజీలో జరిగిన పని అయితే, అదే రోజు క్లెయిమ్ నంబరుతో కంపెనీకీ మెయిల్ కొట్టి రీ-ఇన్‌స్పెక్షన్, అంటే బండిని మళ్లీ తనిఖీ చేయమని అడగండి. సర్వేయర్ అసెస్‌మెంట్ షీట్ కాపీ కూడా అడగండి. అందులో "రీప్లేస్" అని ఉన్న భాగం బండి మీద పాతదే ఉంటే వాళ్లకూ అది నష్టమే, కదులుతారు. మీ జేబు నుంచి పోయిన వాటా కూడా అప్పుడే సరిచూసుకోండి. జీరో డెప్ (తరుగుదల కోయని అదనపు కవర్) లేని పాలసీలో తరుగుదల కింద ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం, ఫైబర్‌కు 30 శాతం కోస్తారు. అద్దానికి కోత లేదు. పెయింటు మెటీరియల్ మీద 50 శాతం, కానీ పెయింటు బిల్లు ఒకే మొత్తంగా ఉంటే అందులో పావు వంతునే మెటీరియల్‌గా లెక్కగట్టి కోయాలి. మొత్తం పెయింటు బిల్లులో సగం కోసేస్తే అది తప్పు లెక్క. కంపెనీ నెలలోగా జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్లో ఫిర్యాదు చేయొచ్చు, బీమా వివాదాలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ అంబుడ్స్‌మన్ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. అయితే అంబుడ్స్‌మన్ పరిధి ఇన్సూరెన్స్ కంపెనీ దాకానే, గ్యారేజీని ఏమీ అనలేరు.

గ్యారేజీ మీదికి వెళ్లాలంటే దారి వినియోగదారుల కమిషన్. అంతకుముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేయించండి. పెద్ద డీలర్లు చాలామంది ఇక్కడే దిగివస్తారు. దిగిరాకపోతే స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపి, ట్రాకింగ్ ప్రింటు దాచి, జిల్లా కమిషన్‌లో కేసు వేయొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మీరు ఉండే ఊరి జిల్లాలోనే వేసే వీలుంది. విజయవాడలో చేయించిన పనికి ఖమ్మంలో ఉంటే ఖమ్మంలోనే. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపుంటే ఫీజు లేదు, బాడీ షాపు బిల్లులు దాదాపు అన్నీ ఇందులోకే వస్తాయి. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు. సొంత కారును తానే నడుపుకొని బతికే క్యాబ్ డ్రైవర్ కూడా వినియోగదారుడే, "కమర్షియల్ బండి" అని భయపెడితే వెనక్కి తగ్గనక్కర్లేదు. ప్రతివాదులుగా డీలర్‌ను మొదట పెట్టండి, క్యాష్‌లెస్ అయితే ఇన్సూరెన్స్ కంపెనీని రెండోది. అడిగేది స్పష్టంగా ఉండాలి: సరిచేసే ఖర్చు ఎస్టిమేట్ ప్రకారం ఇంత, సర్వేయర్ ఫీజు ఇంత, బండి లేని రోజులకు బిల్లులతో సహా ఇంత. మానసిక వేదనకు లక్షల్లో అడిగితే కేసు బలపడదు.

షాపువాళ్లు దారికొచ్చి మళ్లీ చేస్తామంటే, కొత్త జాబ్ కార్డు తెరిపించకుండా తాళాలు ఇవ్వకండి. పాత జాబ్ కార్డు మీదే "చిన్న పని" అని చేసేస్తే, ఆ రెండో పని జరిగిందనడానికే ఆధారం ఉండదు. కార్డులో ఏ ప్యానెల్, ఏం చేస్తారు, మొత్తం సున్నా, వారంటీ కొత్త తేదీ నుంచి ఎన్ని నెలలు అని రాయించండి. ఇంతకుముందు తీసుకున్న మందం రీడింగులు వెంట తీసుకెళ్లండి. 450 ఉన్న చోట ఇప్పుడు 600 వస్తే పాతది గీకకుండా దాని మీదే కొట్టారు. 250కి వస్తే గీకి చేశారు. పెయింటు కొట్టిన నెల దాకా వ్యాక్స్ వద్దు, రెండు వారాలు ప్రెషర్ వాష్ వద్దు. బుడగలు, అంచు గీతలు బయటపడేది తర్వాతి నెలల్లోనే కాబట్టి ముప్పయ్యో రోజున, తొంభయ్యో రోజున పొద్దుటి వెలుగులో ఆ ప్యానెల్‌ను మళ్లీ ఒకసారి చూడాలి. ఫోన్లో అలారం పెట్టుకోండి.